బొలెరో క్యాంపర్ మీద మడిచే మంచె: డిజైన్ చూసి తప్పులు చెప్పండి

మక్కచేను_వికారాబాద్:

అందరికీ నమస్తే. ఉండేది కూకట్‌పల్లి, చేను వికారాబాద్ దగ్గర. నాలుగెకరాల మక్క, పక్కనే ఎకరంన్నర పల్లి. రాత్రిళ్లు అడవిపందుల కాపలాకు కర్రమంచె ఉంది గానీ అది ఒక్క మూలకే పనికొస్తుంది. బండి డబుల్ క్యాబిన్ బొలెరో క్యాంపర్, ఫోర్ వీల్ డ్రైవ్. టెక్సస్ రాంచుల్లో వేటకు వాడే హై ర్యాక్ బండ్ల పద్ధతిలో దాని ట్రాలీ మీద మడిచే మంచె కట్టించాలనుకుంటున్నాను. వేట కోసం కాదు. పంటకాలంలో కాపలాకు, చలికాలంలో పక్షుల ఫొటోలకు.

అనుకున్న డిజైన్ ఇది. ట్రాలీలో బేస్ ఫ్రేమ్, దాని మీద క్యాబిన్ పైకప్పు ఎత్తుకు, అంటే నేల నుంచి 1.9 మీటర్లకు, నాలుగు నిలువు పైపులు. వాటి తలల మీద 90 సెంటీమీటర్ల పొడవున నాలుగు చేతులు, వాటి చివర 1.2 × 1.2 మీటర్ల పలక. ప్రయాణంలో పలక ముందుకు మడిచి క్యాబిన్ మీద పడుకుంటుంది. చేలో ఆగాక వెనక ఉన్న చేతి వించ్‌తో (హ్యాండిల్ తిప్పితే తాడు చుట్టుకుంటూ లాగే చక్రం) లాగితే చేతులు నిలువుగా లేచి పలక ట్రాలీ మీదికి, 2.8 మీటర్ల ఎత్తుకు వస్తుంది. సెల్లార్‌లో బీము ఎత్తు 2.1 మీటర్లు కాబట్టి మడిచినప్పుడు చేతులు 10 డిగ్రీల దగ్గర ఆగేలా పెట్టాను. ఫ్రేముకు 40×40 స్క్వేర్ పైపు, 2.6 ఎంఎం మందం. రెయిలింగ్ మొత్తం 25×25, 2 ఎంఎం. పైన ఇద్దరు మనుషులు, రెండు తిరిగే కుర్చీలు.

వించ్ ఎంత కెపాసిటీది కావాలి? బేస్ ఫ్రేమ్ ఛాసిస్‌కు వెల్డ్ చేయాలా, బోల్టులా? పైన ఊగకుండా ఏం చేయాలి? ఆర్టీఏ సంగతేంటి?

బాలానగర్_వెల్డింగ్:

అన్నా, డ్రాయింగ్ బాగుంది. కానీ మూడు చోట్ల ప్రమాదం ఉంది.

మొదటిది ఆ 10 డిగ్రీలు. పలక, మడిచిన రెయిలింగ్, కుర్చీలు, చేతుల్లో సగం బరువు కలిపి 75 కిలోలు అనుకుందాం. వించ్ తాడు దాదాపు అడ్డంగా లాగుతోంది కాబట్టి, కోణం ఎంత చిన్నదైతే లాగాల్సిన బలం అంత పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 130 కిలోల లాగు చాలు. 20 దగ్గర 206. 10 దగ్గర 425. తాడు మీద, పుల్లీ మీద, పివట్ బోల్టుల మీద అసలు దెబ్బంతా ఆ మొదటి జానెడు కదలికలోనే పడుతుంది. 550 కిలోల వించ్ పెట్టినా దాన్ని బిగించిన పట్టీ వంగుతుంది. చేతులు 25 డిగ్రీల దగ్గర రబ్బరు దిమ్మెల మీద ఆగేలా పెట్టు, లాగు 160కి దిగుతుంది. సెల్లార్ కోసం 10 పెట్టావు గానీ దానివల్ల లాభం కూడా లేదు. చేతుల చివర అప్పటికే 2.06 మీటర్ల దగ్గర ఉంటుంది, దాని మీద మడిచిన రెయిలింగ్ ఇంకో 8 సెంటీమీటర్లు. 2.1 బీముకు ఎలాగూ తగులుతుంది.

గ్యాస్ స్ప్రింగులు పెడదామని ఎవరైనా చెబితే ఒకటి గమనించు. మడిచి ఉన్నప్పుడు ఆ స్ప్రింగ్ చేతికి దాదాపు సమాంతరంగా ఉంటుంది, అంటే సాయం ఎక్కువ కావాల్సిన చోటే తక్కువగా అందుతుంది.

రెండోది నిలువు దాటడం. 90 డిగ్రీల దగ్గర తాడు మీద లాగు సున్నా. రెండు మూడు డిగ్రీలు దాటిందా, పలక తనంతట తానే వెనక్కి పడుతుంది, అప్పటికి తాడు వదులై ఉంటుంది. కాబట్టి సరిగ్గా నిలువు దగ్గర చేతులు వచ్చి ఆనేలా రెండు వైపులా 10 ఎంఎం ప్లేటుతో స్టాపర్ ఉండాలి. ఆ వెంటనే పిన్ను పడాలి. మనుషులు పైన ఉన్నప్పుడు బరువు తాడు మీద ఒక్క కిలో కూడా ఉండకూడదు. తాడు లేపడానికే, మోయడానికి కాదు. వించ్ మాత్రం ఆటో బ్రేక్ రకమే కొను. ఉత్త పళ్లచక్రం, కొక్కెం ఉన్న రకమైతే దించేటప్పుడు కొక్కెం ఎత్తగానే హ్యాండిల్ గిర్రున తిరిగి మణికట్టు విరుస్తుంది. 5 ఎంఎం వైరు తాడు చాలు, చివర మూడు క్లిప్పులు. క్లిప్పు జీను భాగం బరువు మోసే తాడు వైపు, యు బోల్టు తోక వైపు. తిరగేస్తే యు బోల్టు మోసే తాడునే నలిపేస్తుంది.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: నాలుగు చేతులు, పైన పలక, కింద ఫ్రేము అంటే నాలుగు మూలలా కీళ్లున్న చట్రం. ఐమూల పైపు లేకుండా అది నిలబడదు, ఎంత మందం పైపు వేసినా పక్కకు ఒరిగిపోతుంది. రెండు పక్కల రెండు, వెనక ఒకటి ఐమూల పైపులు పిన్నులతో బిగించాలి. పిన్నుకు ట్రాక్టర్ టాప్ లింక్ పిన్ను వాడు, కేటగిరీ 1 అయితే 19 ఎంఎం, లించ్ పిన్నుతో సహా రాణిగంజ్‌లో దొరుకుతుంది. పట్టీ ఒక వైపే కాకుండా పిన్నుకు రెండు వైపులా ఉండాలి. రంధ్రాలు గ్యాస్‌తో కోయించకు, డ్రిల్ చేయించు. నువ్వడిగిన ఊగుడులో సగం అక్కడే పుడుతుంది: ఒక్కో కీలులో అర మిల్లీమీటరు లూజు ఉన్నా అన్నీ కలిసి పైన టక్ టక్ మంటూ కదులుతుంది. తిరిగే కీళ్లకు గన్‌మెటల్ బుష్ పెట్టించు. లేత్ పని గంటది, తేడా మాత్రం చాలా ఉంటుంది.

ఛాసిస్‌కు వెల్డింగ్ వద్దే వద్దు. వేడి తగిలిన చోట ఛాసిస్ కమ్మీ బలం పోతుంది, పక్కనే బ్రేకు పైపులు, డీజిల్ పైపులు వెళ్తుంటాయి. ట్రాలీ బాడీని ఛాసిస్‌కు పట్టుకున్న బోల్టుల దగ్గరే బేస్ ఫ్రేమ్ పాదాలు పడేలా కొలుచుకో. ఎం12, 8.8 గ్రేడ్ బోల్టులు, నైలాక్ నట్లు, కింద 100×100, 6 ఎంఎం ప్లేట్లు. బిగింపు 80 న్యూటన్ మీటర్లు. బోల్టు స్క్వేర్ పైపు గుండా పోయే ప్రతి చోటా లోపల గొట్టం ముక్క దూర్చి వెల్డ్ చేయాలి. లేకపోతే బిగించే కొద్దీ పైపు నొక్కుకుపోతుంది, నెలకే వదులవుతుంది. బండి మీద ఏ వెల్డింగ్ చేసినా ముందు బ్యాటరీ రెండు టెర్మినళ్లూ పీకెయ్.

రెయిలింగ్ సంగతి. 90 కిలోల మనిషి తూలి 1.1 మీటర్ల ఎత్తున్న పోస్టు మీద ఒక్కసారిగా వాలితే, 25×25 2 ఎంఎం పోస్టు మొదట్లో ఒత్తిడి 740 మెగాపాస్కల్స్ దాటుతుంది. ఆ పైపు స్టీలు 310 దగ్గరే వంగుతుంది. 32×32 2.6 వేసినా 350 వస్తుంది. 40×40 2.6 అయితే 213. కాబట్టి పోస్టులు 40×40, అడ్డ పైపులు మాత్రం 25×25 చాలు. పలక అంచు చుట్టూ 10 సెంటీమీటర్ల అడ్డుపట్టీ పెట్టు, చీకట్లో కాలు, ఫ్లాస్కు, టార్చి జారిపోకుండా. గేటు లోపలికే తెరుచుకోవాలి.

పల్లి_పందిరి:

వెల్డింగ్ అన్న చెప్పినవన్నీ సరే. నేను అడిగేది వేరు. 2.8 మీటర్లు ఎందుకండీ?

టెక్సస్ వాళ్ల లెక్క మనకు కుదరదు. అక్కడ మెస్కీట్ పొదల మధ్య తిన్నగా కొట్టిన బాటలు ఉంటాయి, పొద పైనుంచి ఆ బాట కనిపిస్తే చాలు. మన మక్క అలా కాదు, గోడలా ఉంటుంది. లెక్క చూడండి. మక్క ఎత్తు 2.3 మీటర్లు. 2.8 పలక మీద కుర్చీలో కూర్చుంటే కన్ను 3.95 దగ్గర. అంటే పైరు మీద 1.65 ఎత్తున ఉన్నారు. 30 మీటర్ల దూరంలో, 60 సెంటీమీటర్ల సాలు సందులోకి మీ చూపు దిగేది 3 సెంటీమీటర్లు. అదే 1.9 మీటర్ల పలక మీద కూర్చుంటే సెంటీమీటరున్నర. రెండిట్లోనూ పంది కనబడదు. కనబడేది కదిలే మక్క తలలే, అవి రెండు ఎత్తుల నుంచీ ఒకేలా కనబడతాయి.

అవతలి గట్టు కూడా అంతే. 30 మీటర్ల పైరు దాటి చూడాలంటే, 2.8 పలక నుంచి పైరు అవతల 42 మీటర్ల మేర నేల కనబడదు, 1.9 నుంచి 92 మీటర్ల మేర. మీ గట్టు వెడల్పు రెండు మూడు మీటర్లు. రెండూ పనికిరావు.

పనికొచ్చేది బండి నిలిపే చోటు. చేను చుట్టూ 2 మీటర్ల వెడల్పున గడ్డి లేకుండా శుభ్రమైన బాట ఉంచండి. బండిని ఒక మూలలో పెడితే రెండు పక్కల బాటలు పొడుగునా కనబడతాయి. ఆ రెండు పక్కల నుంచి పంది బాట దాటకుండా చేలోకి రాలేదు. పల్లి చేనుకైతే ట్రాలీలో నిలబడ్డా చాలు, అది మోకాలెత్తు కూడా ఉండదు.

ఇంకో సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పొలాల మీదుగా పోయే 11 కేవీ తీగకు నిబంధన ప్రకారం కనీస ఎత్తు 4.6 మీటర్లు. ఎండకు, స్తంభం ఒరిగితే ఇంకా జారుతుంది. 2.8 పలక మీద నిలబడి చెయ్యెత్తితే వేలి కొస 5 మీటర్ల దగ్గర. తీగకు తగలక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు. పగలు చేను చుట్టూ తిరిగి ఏ తీగ ఎక్కడ పోతోందో చూసి, బండి నిలిపే చోట్లకు ముందే సున్నంతో గుర్తు పెట్టండి. రాత్రి టార్చి వెలుగులో తీగ కనబడదు. మంచె లేపి బండి కదపడం అసలే వద్దు. పైరు కాపలా వానాకాలంలోనే కాబట్టి, ఉరుము వినబడగానే దిగి క్యాబిన్‌లో అద్దాలెత్తి కూర్చోండి. చదును చేల మధ్య అంత ఎత్తున్న ఇనుము ఇంకేదీ ఉండదు.

మక్కచేను_వికారాబాద్:

పల్లి_పందిరి గారూ, ఆ 3 సెంటీమీటర్ల లెక్క చూశాక నోట మాట రాలేదు. మూలలో నిలిపే పద్ధతి సరైనదే. అలాగైతే పలకను 1.9 దగ్గరే ఉంచి, లేపే ఏర్పాటు తీసేయొచ్చా? పల్టీ భయం ఎంత తగ్గుతుంది?

ఆర్సీ_బుక్కు:

చట్టం సంగతి నేను చెప్తాను, వెల్డింగ్ అన్న తర్వాత వస్తారు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు, తయారీదారు ఇచ్చిన వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. సెక్షన్ 182ఎ(4) కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బోల్టులు విప్పితే మొత్తం దిగిపోయే ఫ్రేమ్ అయితే మీ వాదనకు కొంత బలం ఉంటుంది. కానీ రోడ్డు మీద ఆపినవాళ్లు ఎలా చూస్తారో దాన్ని బట్టి నడవకూడదు. డ్రాయింగ్, బరువులు పెట్టి ఆర్టీఏకు దరఖాస్తు ఇచ్చి జవాబు రాతలో తీసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకీ అదే కాగితం పంపండి. క్లెయిమ్ రోజున మొదట అడిగేది అదే. ఇవన్నీ వద్దనుకుంటే ఫ్రేమ్‌ను చేలోనే ఉంచి, అక్కడే ఎక్కించి దించండి. నలుగురు మనుషులు, పదహారు బోల్టులు, అరగంట పని. నా ఓటు దీనికే.

బండి కదులుతుండగా మంచె మీద మనిషి ఉండకూడదు. చేలో కూడా, పది అడుగులు కూడా.

అడవిపంది విషయం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత అది రెండో షెడ్యూల్‌లో ఉంది. చట్టంలో వేట అంటే చంపడమే కాదు, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, అలాంటి ప్రయత్నం కూడా. పంట నష్టం ఎక్కువైతే సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి ఉత్తర్వు ఇస్తేనే. మీ మంచె మీద టార్చి, డబ్బా చప్పుడు, ఈల ఉండొచ్చు. తుపాకీ ఉండకూడదు. గట్టున కరెంటు తీగ ఆలోచన ఎవరైనా చెవిలో వేస్తే అక్కడే తుంచేయండి, దానికి మనుషులే చచ్చిపోతున్నారు.

జమ్ముగడ్డి:

ఫొటోల గురించి మాత్రమే. వికారాబాద్ దగ్గరి ఎన్కతల గడ్డి మైదానానికి చలికాలంలో హారియర్ల (గద్దలాంటి వేట పక్షులు) కోసం వెళ్తారనుకుంటా. అక్కడ ఈ మంచె వాడకండి. నేల మీద ఉన్న పక్షిని పైనుంచి తీస్తే వెనకంతా గడ్డే, పక్షి దాంట్లో కలిసిపోతుంది. క్యాబిన్ కిటికీలో బీన్ బ్యాగ్ పెట్టి తీసిందే బాగుంటుంది. పైగా ఆకాశం మీద మనిషి ఆకారం నిలబడితే హారియర్ చాలా దూరంలోనే పక్కకు తిరుగుతుంది. బండిని ఉన్న బాట దించకండి. ఇక్కడ భరతపక్షులు (లార్క్‌లు), తీతువులు లాంటివి గూడు నేల మీదే పెడతాయి, టైరు కింద గుడ్డు కనబడదు.

మంచె పనికొచ్చేది చెరువు గట్టున, జమ్ము అడ్డం ఉన్న చోట. అక్కడ 1.9 మీటర్లు సరిగ్గా సరిపోతుంది. మంజీరా లాంటి అభయారణ్యాల్లోకి మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. ఇంజను ఆపేయండి, వణుకుతో పాటు బానెట్ వేడికి గాలి అలలు లేచి ఫోకస్ పోతుంది. రెండో మనిషి కాలు కదిపినా పెద్ద లెన్సులో తెలుస్తుంది, కాబట్టి క్లిక్ ముందు ఇద్దరూ ఊపిరి బిగబట్టాల్సిందే. చెకర్డ్ ప్లేటు నేల వేయించకండి, చప్పుడు. 12 ఎంఎం మెరైన్ ప్లై మీద రబ్బరు మ్యాట్ మంచిది.

బాలానగర్_వెల్డింగ్:

ప్లై మాట నిజం. 5 ఎంఎం ఇనుప చెకర్డ్ ప్లేటు చదరపు మీటరుకు 40 కిలోలు దాటుతుంది, ప్లై 8 కిలోల దగ్గర. పైన పెట్టే ప్రతి కిలో లెక్కే.

ఇక పల్టీ లెక్క. ఖాళీ బండి 1,650 కిలోలు, దాని గరిమనాభి నేల నుంచి 0.7 మీటర్లు, చక్రాల మధ్య వెడల్పు 1.4 అనుకుని వేశాను. మీ బండిని కాంటా మీద తూచి అంకెలు మార్చుకోండి. ఖాళీ బండి పక్కకు 45 డిగ్రీల దాకా ఆగాలి. 2.8 పలక మీద ఇద్దరు కూర్చుంటే గరిమనాభి 1.04కి పెరుగుతుంది, ఆగేది 34 డిగ్రీలు. 1.9 పలకకు 0.92, ఆగేది 37. మూడు డిగ్రీల తేడాయే కదా అనిపిస్తుంది. కానీ ఇది బండిని రాయిలా అనుకుని వేసిన లెక్క. అసలు బండికి కమాను పట్టీలు వంగుతాయి, టైరు నొక్కుకుంటుంది, వాలిన వైపుకే మనుషులూ జరుగుతారు. అందుకే కాగితం మీద ఎంత వచ్చినా, నిలిపే చోట వాలు 5 డిగ్రీలు దాటకూడదు. 1.4 మీటర్ల వెడల్పుకు 5 డిగ్రీలంటే ఎడమ, కుడి చక్రాల మధ్య 12 సెంటీమీటర్ల ఎత్తు తేడా. జానెడు కన్నా తక్కువ. చేలో అది చాలా చోట్ల ఉంటుంది, కాబట్టి ఫ్రేముకు ఒక చిన్న స్పిరిట్ లెవెల్ అతికించండి.

ఎత్తు తగ్గించినందుకు అసలు లాభం వేరే చోట ఉంది. లేపే ఏర్పాటు పోతే ఎనిమిది కీళ్లు, తాడు, వించ్, స్టాపర్ అన్నీ పోతాయి, అంటే చీకట్లో మరిచిపోయే పిన్నులే ఉండవు. పలక స్థిరంగా బేస్ ఫ్రేముకు వెల్డ్, రెయిలింగ్ ఒక్కటే మడుస్తుంది. ఒక్కో వైపు కింద రెండు బందులు, మూలల్లో 12 ఎంఎం పిన్ను. నాలుగు వైపులూ ఒకదాని మీద ఒకటి పడుకోవాలి కాబట్టి బందుల ఎత్తు 40 ఎంఎం చొప్పున పెంచుకుంటూ పోవాలి. ఇది మరిచి అన్నీ ఒకే ఎత్తున పెడితే పైవి మూయబడవు. పలక అంచు టైరు గీత దాటి బయటికి పోకూడదు. గీత లోపల ఉన్నంతసేపు మీ బరువు బండిని నేలకు నొక్కుతుంది, దాటిందంటే అదే బరువు పల్టీ వైపు పని చేస్తుంది.

ఊగుడుకు బేస్ ఫ్రేమ్ నాలుగు మూలలా ట్రైలర్ స్క్రూ జాకీలు. కమానులు కొంచెం తేలికయ్యేదాకా తిప్పితే చాలు, చక్రం గాల్లోకి లేపొద్దు. హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే, అవి లేచాయంటే బండికి బ్రేకే లేదు. జాకీలు దించేముందే నాలుగు చక్రాలకు దిమ్మెలు పెట్టి, బండిని ఫోర్ వీల్ డ్రైవ్ లో రేంజ్ (4L)లో పెట్టి గేరులో ఉంచండి. నల్లరేగడిలో జాకీ పాదం కింద 30×30 సెంటీమీటర్ల చెక్కపలక తప్పదు. 5 సెంటీమీటర్ల గొట్టం మీద 300 కిలోలంటే చదరపు సెంటీమీటరుకు 15 కిలోలు, తడి నేలలో మేకులా దిగుతుంది. పలక మీద అదే బరువు కిలోలో మూడో వంతు. అరగంటకోసారి స్పిరిట్ లెవెల్ చూడండి, ఒక జాకీ దిగుతున్నట్టు మొదట అందులోనే తెలుస్తుంది.

వెల్డింగ్‌కు 2.5 ఎంఎం 6013 ఎలక్ట్రోడ్, 70 నుంచి 80 ఆంపియర్లు. జీఐ పైపు తెస్తే కుదరదని చెప్పండి, జింకు పొగ ఊపిరితిత్తులకు పడదు. ప్రతి పైపు అడుగున 6 ఎంఎం రంధ్రం వేయించి నీరు దిగేలా చూసుకోండి, ఆ తర్వాతే రెడాక్సైడ్.

మక్కచేను_వికారాబాద్:

అన్నా, 1.9 ఖాయం. ఫ్రేమ్ చేలోనే ఉంచి ఎక్కించుకుంటాను. మనుషులు ఎక్కే ముందు పరీక్ష ఎలా చేయాలి?

బాలానగర్_వెల్డింగ్:

50 కిలోల ఇసుక బస్తాలు ఆరు పలక మీద గంటసేపు ఉంచు, కింద ఎవరూ ఉండొద్దు. తర్వాత ఆరూ ఒక్క అంచుకే జరిపి ఇంకో గంట. దించాక వెల్డింగ్ గీతల మీద డై పెనెట్రెంట్ (పగుళ్లలోకి దిగే ఎర్ర రంగు) స్ప్రే కొట్టి, తుడిచి, పైన తెల్ల డెవలపర్ కొట్టి చూడు, పగులుంటే ఎర్రగా గీత బయటపడుతుంది. రెయిలింగ్ పోస్టు ఒక్కోదాని తలకు తాడు కట్టి స్ప్రింగ్ కాంటాతో 90 కిలోలు అడ్డంగా లాగు, వదిలాక పోస్టు మళ్లీ నిటారుగా రావాలి. బోల్టులు ఎక్కించిన ప్రతిసారీ టార్క్ రెంచ్‌తోనే బిగించు, నైలాక్ నట్లు మాత్రం విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయి.